రెండు కళ్ళూ కలిసి ఆడే ఆట

పిల్లలూ! ముందుగా ఒక చిన్న పని చెయ్యండి. మూత తీసిన పెన్ను ఒక చేతిలో, దాని మూత రెండో చేతిలో పట్టుకోండి. చేతులు బాగా చాపండి. ఒక కన్ను మూసుకొని, మూతను పక్కనుంచి తెచ్చి పెన్నుకు తొడగండి చూద్దాం. మొదటి రెండు మూడు సార్లు మూత పెన్నుకు అవతలగా పోతుంది, లేకపోతే ఇవతలనే ఆగిపోతుంది. ఇప్పుడు రెండు కళ్ళూ తెరిచి తొడగండి. ఒక్కసారికే పడుతుంది.

ఒక కన్నుకు తెలియనిది రెండు కళ్ళకు ఎట్లా తెలిసింది? ఇంకొక పరీక్ష చేస్తే కారణం మీకే అర్థమవుతుంది. బొటనవేలు ముక్కుకు ఎదురుగా నిలబెట్టి, వీధిలోని కరెంటు స్తంభాన్ని చూడండి. ఎడమకన్ను మూసి కుడికన్నుతో చూడండి. తరువాత కుడికన్ను మూసి ఎడమకన్నుతో చూడండి. స్తంభం కదలదు కాని, మీ వేలు అటూ ఇటూ గెంతుతుంది. మన రెండు కళ్ళకూ మధ్య సుమారు ఆరు సెంటీమీటర్ల ఎడం ఉన్నది. అందుచేత ఒకే వస్తువును ఒక్కొక్క కన్ను ఒక్కొక్క పక్కనుంచి చూస్తున్నది. దగ్గరి వస్తువు ఎక్కువగా గెంతుతుంది, దూరపు వస్తువు తక్కువగా గెంతుతుంది. ఈ తేడాను మెదడు క్షణంలో లెక్కకట్టి, “ఇది ఇంత దూరంలో ఉన్నది” అని మనకు చెపుతుంది. మనం ఆ లెక్క చెయ్యమని అడగము, అది జరుగుతున్నట్టు కూడా మనకు తెలియదు.

ఈ సంగతిని మొదట వివరంగా చెప్పినవాడు చార్లెస్ వీట్‌స్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. 1838లో ఆయన రెండు అద్దాలను ఏటవాలుగా నిలిపి, ఎడమకన్నుకు ఒక బొమ్మ, కుడికన్నుకు మరొక బొమ్మ కనపడేట్టు ఒక పరికరం చేశాడు. రెండూ కాగితం మీద గీసిన గీతలే. అయినా ఒకదానిని ఎడమకన్ను చూసేట్టు, మరొకదానిని కుడికన్ను చూసేట్టు గీశాడు. లోపలికి చూసినవారికి ఆ గీతలు కాగితం విడిచి, లోతూ ఎత్తూ గల వస్తువులాగా నిలబడ్డాయి. ఆ పరికరానికి స్టీరియోస్కోపు అని పేరు. తరువాత డేవిడ్ బ్రూస్టర్ అనే ఆయన అద్దాలకు బదులు కటకాలు పెట్టి, చేతిలో పట్టుకొనే చిన్న పెట్టెగా దాన్ని మార్చాడు. 1851లో లండనులో జరిగిన గొప్ప ప్రదర్శనలో అటువంటి పెట్టెను విక్టోరియా రాణి కూడా చూసి ముచ్చటపడింది. చాలామంది ధనికుల ఇళ్ళలో అది కాలక్షేపపు వస్తువయింది.

ఇక మన శ్రీరాంపూరుకు వద్దాం. ఇది మంచిర్యాల దగ్గర బొగ్గుగనుల ఊరు. 2016కు ముందు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1990 తరువాత ఇక్కడి కాలనీల పక్కన వీడియో గేముల దుకాణాలు వెలిశాయి. ఒక గదిలో రెండు మూడు టీవీలు, వాటికి తగిలించిన ఆటపెట్టెలు, గంటకు ఇంత అని అద్దె. ఆ పెట్టెలు చాలావరకు జపాను వారి యంత్రానికి నకళ్ళు. బడి విడిచిపెట్టగానే పిల్లలు సంచీలతో సహా అక్కడికి పరుగెత్తేవారు. నేను కూడా వారి వెనుక నిలబడి చూసేవాణ్ణి. ఆటకన్నా నాకు ఆశ్చర్యం కలిగించింది మరొకటి. టీవీ అద్దం బల్లపరుపుగా ఉన్నది గదా, అందులో రోడ్డు దూరంగా పోయినట్టు ఎట్లా కనిపిస్తున్నది?

దీనికి ఆటలు చేసేవారు రెండు దారులు పట్టారు. మొదటి దారి ఒంటికన్నుకు కూడా పనిచేసే ఉపాయాలు. మంచిర్యాలనుంచి బస్సులో వచ్చేటప్పుడు కిటికీలోంచి చూడండి. రోడ్డు పక్క చెట్లు గిర్రున వెనక్కు పోతాయి, పొలాలు నెమ్మదిగా పోతాయి, దూరాన ఉన్న గుట్ట మీతోనే వస్తున్నట్టు ఉంటుంది. 1982లో వచ్చిన ‘మూన్ పెట్రోల్’ అనే ఆటలో సరిగ్గా ఇదే చేశారు. ముందున్న నేలను వేగంగా, వెనుక కొండలను నిదానంగా జరిపారు. అంతే, చంద్రుడి మీద నిజంగా బండి నడుపుతున్నట్టు అనిపించింది. అదే ఏడు వచ్చిన ‘పోల్ పొజిషన్’ అనే కారు పందెంలో రోడ్డును పైకి పోనుపోను సన్నంగా గీశారు, ఎదుటి కారును చిన్న బొమ్మనుంచి పెద్ద బొమ్మగా పెంచారు. చిత్రకారులకు ఈ కిటుకు ఏనాడో తెలుసు.

రెండో దారి వీట్‌స్టనుగారిది. అంటే ఎడమకన్నుకు ఒక బొమ్మ, కుడికన్నుకు ఇంకొక బొమ్మ ఇవ్వాలి. కాని టీవీ ఒక్కటే, దానిని రెండు కళ్ళూ ఒకేసారి చూస్తున్నాయి. ఏ బొమ్మ ఏ కంటికి పోవాలో ఎట్లా విడదీయడం? చిక్కంతా ఇక్కడే ఉన్నది.

1982లో జపానుకు చెందిన సేగా కంపెనీ ‘సబ్‌రాక్ త్రీడీ’ అనే ఆటయంత్రం తెచ్చింది. ఇది ఇంట్లో పెట్టుకొనేది కాదు, ఆటశాలలో డబ్బు వేసి ఆడేది. జలాంతర్గామిలోంచి చూసినట్టు ఒక గొట్టంలోకి కళ్ళు పెట్టి చూడాలి. లోపల తిరిగే బిళ్ళలు ఒకసారి ఎడమకన్నును, ఒకసారి కుడికన్నును మూస్తూ ఉంటాయి. ఎడమకన్ను తెరిచి ఉన్నప్పుడు తెర మీద ఎడమకంటి బొమ్మ, కుడికన్ను తెరిచినప్పుడు కుడికంటి బొమ్మ. ఇది ఎంత వేగంగా జరుగుతుందంటే, కళ్ళు మూసుకొన్నట్టే మనకు తెలియదు.

1984లో వెక్‌ట్రెక్స్ అనే ఆటపెట్టెకు ఒక కళ్ళజోడు వచ్చింది. దానిలో మోటారుతో గిర్రున తిరిగే చక్రం ఉంటుంది. చక్రంలో సగం నలుపు, సగం ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పొరలు. నల్లభాగం ఏ కంటికి అడ్డం వస్తే ఆ కన్ను మూసుకొన్నట్టు. రెండో కంటికి రంగుల పొరల్లోంచి బొమ్మ కనపడుతుంది. వెక్‌ట్రెక్స్ తెర మీద తెల్లటి గీతలు తప్ప రంగులు లేవు. ఈ చక్రంతో లోతూ వచ్చింది, రంగులూ వచ్చాయి! దానికి చేసిన ఆటలలో ఒకదాని పేరు ‘మైన్‌స్టార్మ్’. మైన్ అంటే మన బొగ్గుగని కాదర్రా, పేలే మందుపాతర.

1987లో సేగావారూ, నింటెండోవారూ ఇళ్ళల్లోని ఆటపెట్టెలకు కూడా కళ్ళద్దాలు తెచ్చారు. వీటిలో తిరిగే చక్రం లేదు. చేతి గడియారాలలో అంకెలు చూపే ద్రవస్ఫటికం ఉన్నది గదా, అటువంటిదే కళ్ళద్దంలో పరిచారు. విద్యుత్తు తగలగానే అద్దం నల్లబడుతుంది, తీసెయ్యగానే తెల్లబడుతుంది. అమెరికా, జపాను టీవీలలో సెకనుకు 60 సార్లు బొమ్మ పడేది. అందులో 30 ఎడమకంటికి, 30 కుడికంటికి పంచారు. ‘స్పేస్ హారియర్ త్రీడీ’, ‘జాక్సన్ త్రీడీ’ వంటి ఆటలు ఇట్లా ఆడేవే. అయితే పంచుకొన్న భోజనం సగమే గదా! ఒక్కొక్క కంటికి 30 బొమ్మలే అందడంవల్ల తెర మినుకుమినుకుమనేది. చాలాసేపు చూస్తే కొందరికి తలనొప్పి వచ్చేది.

ఇంకొక చౌక పద్ధతి ఉన్నది, ఎరుపు నీలం కాగితాల కళ్ళద్దాలు. 1987లోనే వచ్చిన ‘రాడ్ రేసర్’ అనే కారు ఆటలో ఒక మీట నొక్కితే బొమ్మలు రెండు రంగులలోకి మారిపోయేవి. పెట్టెలో ఇచ్చిన అట్ట కళ్ళజోడు పెట్టుకుంటే రోడ్డు లోపలికి పోయేది.

అసలు ఆ ఆటపెట్టెకు లోతు లెక్క ఎట్లా తెలుసు? లెక్క చాలా సులువు, మీ జామెట్రీ చాలు. తెర మీద ఒక పక్షి ఉన్నదనుకోండి. ఎడమకంటి పక్షినీ కుడికంటి పక్షినీ ఒకే చోట పెడితే పక్షి తెర మీదనే ఉన్నట్టు ఉంటుంది. ఎడమకంటి పక్షిని కాస్త కుడికి, కుడికంటి పక్షిని కాస్త ఎడమకు జరిపితే రెండు చూపులూ తెరకు ఇవతలనే ఒకదానినొకటి దాటుతాయి. అవి దాటిన చోట పక్షి ఉన్నట్టు కనపడుతుంది. అంటే పక్షి తెర విడిచి మన వైపు వచ్చేస్తుంది. కళ్ళ మధ్య ఎడం 6 సెంటీమీటర్లు అనుకోండి. రెండు పక్షుల మధ్య ఎడం కూడా 6 సెంటీమీటర్లు చేస్తే, పక్షి మీకూ తెరకూ సరిగ్గా నడుమ ఎగురుతుంది. తెర 2 మీటర్ల దూరంలో ఉంటే పక్షి ఒక మీటరులో ఉంటుంది. కాగితం మీద గీసి, రెండు త్రిభుజాలూ సమానమో కాదో మీరే తేల్చుకోండి. జరపడం దీనికి తిరగబడితే, అంటే ఎడమది ఎడమకు, కుడిది కుడికి జరిపితే, పక్షి తెర వెనక్కు పోతుంది. ఆ కాలపు ఆటపెట్టెలకు జ్ఞాపకశక్తి బహు తక్కువ. అయినా ఒక బొమ్మను నాలుగు చుక్కలు ఇటు, నాలుగు చుక్కలు అటు జరపడం వాటికి చేతనైన పనే.

ఈ దారిలో అందరికన్నా సాహసం చేసింది 1995లో నింటెండో తెచ్చిన ‘వర్చువల్ బాయ్’. దీనిని తయారుచేసినవాడు గున్‌పే యొకోయి అనే పేరుపొందిన ఇంజనీరు. ఇందులో టీవీ లేదు. బల్ల మీద నిలబెట్టిన పెట్టెలోకి ముఖం ఆనించి చూడాలి. ఒక్కొక్క కంటికి ఒక నిలువు వరసలో 224 చిన్న ఎర్ర దీపాలు, వాటి ఎదుట గడగడా ఊగే ఒక అద్దం. ఒకే వరస దీపాలను ఊగే అద్దం పక్కకు పరిచి పూర్తి బొమ్మగా చూపేది. అగరువత్తిని చీకట్లో తిప్పితే నిప్పుచుక్క గీతగా కనపడదూ? అట్లాగన్నమాట. ఎర్రదీపాలు చవక, విద్యుత్తు తక్కువ తింటాయి, అందుకని బొమ్మలన్నీ ఎరుపు నలుపులే. ‘వారియో ల్యాండ్’ అనే ఆటలో వీరుడు ముందు వరసనుంచి వెనుక వరసకు, వెనుకనుంచి ముందుకు గెంతేవాడు. లోతు ఆటలో అలంకారంగా కాక, అవసరంగా వచ్చిందన్నమాట. కాని ముఖం వంచి ఎర్రటి బొమ్మలు చూడలేక జనం విసిగిపోయారు. మొత్తం 22 ఆటలు మాత్రం వచ్చాయి, ఏడాది తిరగకుండానే అమ్మకం ఆగిపోయింది. ఆ పెట్టె మీద ఏడేళ్ళలోపు పిల్లలు ఆడరాదని హెచ్చరిక కూడా ఉండేది. ఎదిగే కళ్ళు గదా! తరువాత 2011లో అదే కంపెనీ కళ్ళద్దాలు లేకుండానే లోతు చూపే ‘త్రీడీఎస్’ అనే చేతి ఆటపెట్టె తెచ్చి, 2020 వరకు తయారుచేసింది.

ఇంత వివరంగా ఎందుకు చెపుతున్నానంటే, దీనివల్ల ఒక పిల్లవాడికి జరిగిన మేలు నాకు తెలుసు.

1990ల చివర మా బడిలో నేను ఎరుపు నీలం బొమ్మల పాఠం చెప్పాను. ఖరీదైన వస్తువేమీ అక్కరలేదు. అట్టముక్కతో కళ్ళజోడు చేసి, ఎడమ వైపు ఎర్రటి, కుడి వైపు నీలి గాజుకాగితం అంటించాము. తెల్లకాగితం మీద నీలి పెన్సిలుతో ఒక చతురస్రం గీసి, దానికి అరసెంటీమీటరు ఎడమగా ఎర్ర పెన్సిలుతో అంతే చతురస్రం గీశాము. ఎర్రకాగితం లోంచి చూసే ఎడమకంటికి ఎర్రగీత కనపడదు, నీలిగీత నల్లగా కనపడుతుంది. కుడికంటికి దీనికి విరుద్ధం. చూపులు రెండూ కాగితానికి ఇవతల కలిసి, చతురస్రం గాలిలోకి లేస్తుంది. పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు కళ్ళజోడు లాక్కొని చూసి, “సార్, లేచింది! లేచింది!” అని కేకలు వేశారు. గాలిలో ఉన్న గీతను వేలితో ముట్టబోయారు.

మూడో తరగతి పిల్లవాడు ఒకడు మాత్రం కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, “సార్, నాకు లేస్తలేదు. కాయిదం మీదనే ఉన్నది” అన్నాడు. పక్కవాళ్ళు ఫక్కున నవ్వారు. వాడు ముఖం ఎర్రజేసుకొని కూర్చున్నాడు.

వాడిని నేను దగ్గరకు పిలిచి, కుడికన్ను అరచేతితో మూసి, గోడమీది క్యాలెండరు చదవమన్నాను. పెద్ద అంకెలు కూడా చెప్పలేకపోయాడు. ఎడమకన్ను మూస్తే గడగడా చదివాడు. అంతవరకు వాడికే ఈ సంగతి తెలియదు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మంచికన్ను పని అంతా చేసుకుపోతున్నది, ఇంక లోపం ఎట్లా తెలుస్తుంది?

వాళ్ళ నాన్న గనిలో పనిచేసే మనిషి. షిఫ్టు దిగి, నల్లటి బట్టలతోనే బడికి వచ్చాడు. నేను చెప్పినదంతా విని, “మావోడు బంతి పట్టడు, నీళ్ళు పోస్తే గ్లాసు బయట పోస్తడు. పిలగాని చేతులల్ల పట్టు లేదనుకున్న సారూ” అన్నాడు. కాసేపు ఊరుకొని, “నాలుగు దెబ్బలు గూడ కొట్టిన” అన్నాడు. నేను కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఆ మరునాడే సెలవు పెట్టి పిల్లవాణ్ణి కరీంనగరులో కంటిడాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

డాక్టరు చెప్పినది ఇది. పిల్లవాడి ఎడమకంటికి చిన్ననాటినుంచి చూపు మసక. మసక బొమ్మను ఏం చేసుకోవాలని మెదడు దానిని వదిలేసి, మంచికంటి బొమ్మనే తీసుకొంటున్నది. దీనిని వైద్యులు ఆంబ్లియోపియా అంటారు, సోమరికన్ను అని కూడా అంటారు. కన్ను సోమరిది కాదు, దానికి పని ఇవ్వడంలేదు, అంతే. సరిపోయే కళ్ళద్దాలు ఇచ్చి, రోజుకు కొన్ని గంటలు మంచికంటికి గంత కట్టమన్నాడు. అప్పుడు బలహీనపు కన్ను విధిలేక పని నేర్చుకుంటుంది. ఎంత చిన్నతనంలో మొదలుపెడితే అంత మంచిది.

గంత కట్టుకొని బడికి వచ్చిన మొదటిరోజు వాడు తల ఎత్తలేదు. ఆనాడు నేను తరగతికి పటౌడీ నవాబు కథ చెప్పాను. మన్సూర్ అలీఖాన్ పటౌడీకి 1961లో ఇంగ్లండులో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. మళ్ళీ బ్యాటు పట్టినప్పుడు ఒక బంతి రెండుగా కనిపించేదట. టోపీని కుడికంటి మీదికి లాక్కొని ఆడి, ఆరునెలలకే, 1962 జనవరిలో, మద్రాసు టెస్టులో 103 పరుగులు చేశాడు. ఆ ఏడే భారతజట్టుకు కెప్టెనయ్యాడు. తరువాత మన హైదరాబాదు జట్టుకు రంజీలలో ఆడాడు. ఒంటికంటివారికి లోతు బొత్తిగా తెలియదని కాదు. వస్తువు పెరుగుతూ వస్తున్నదా, దేనిని ఏది మరుగుచేస్తున్నది, తల కదిలిస్తే ఎంత జరుగుతున్నది, ఇవన్నీ చూసి పోల్చుకుంటారు. కాని వారు ఎక్కువ శ్రమపడాలి. కథ అయిపోయాక ఎవరూ నవ్వలేదు. ఆటలో వాడికి బంతిని మెల్లగా, కిందినుంచి విసరడం పిల్లలే మొదలుపెట్టారు.

ఏడాది గడిచాక వాడి ఎడమకన్ను క్యాలెండరులోని పెద్ద అంకెలే కాదు, చిన్న అక్షరాలు కూడా చదవసాగింది. పాత కళ్ళజోడు పెట్టి చూపిస్తే, “కొద్దిగ లేచింది సార్” అన్నాడు. చిన్న బొమ్మలు మాత్రం వాడికి చివరిదాకా లేవలేదు. అయినా నీళ్ళు గ్లాసులోనే పోసేవాడు, మాటలు పడడం తప్పింది.

వీడియో ఆటలకూ ఈ కంటిజబ్బుకూ తరువాత నిజంగానే చుట్టరికం కలిసింది. 2013లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు పాత ‘టెట్రిస్’ ఆటను తీసుకొని, పడే ఇటుకలను ఒక కంటికి, కింద పేర్చిన ఇటుకలను రెండో కంటికి చూపించారు. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తే తప్ప ఆట సాగదు! సోమరికన్ను గల 18 మంది పెద్దవాళ్ళ చేత ఆడించి చూస్తే, మంచికన్ను మూసుకొని ఆడినవారికన్నా ఇట్లా ఆడినవారికి చూపు ఎక్కువ మెరుగైంది. పిల్లలమీద తరువాత చేసిన కొన్ని పరీక్షలలో మాత్రం ఇటువంటి ఆటలు గంతను మించలేదు. కనుక కంటివైద్యం డాక్టరు చెప్పినట్టే చెయ్యాలి. “ఆట ఆడితే కన్ను బాగవుతుందట” అని అమ్మ దగ్గర ఫోను అడగకండి!

ఇదే ఉపాయం ఆకాశంలోకి కూడా పోయింది. 2005 మే 5న మన శ్రీహరికోటనుంచి కార్టోశాట్-1 అనే ఉపగ్రహాన్ని పంపారు. దానికి రెండు కెమెరాలు, రెండు కళ్ళు అనుకోండి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఒకటి 5 డిగ్రీలు వెనక్కు వాలి, 618 కిలోమీటర్ల ఎత్తునుంచి ఒకే నేలను రెండు కోణాలలో ఫొటోలు తీశాయి. ముందు కెమెరా చూసిన చోటును వెనుక కెమెరా 52 సెకన్ల తరువాత చూసేది. ఇట్లా జంటగా తీసిన ఫొటోలతో గుట్టల ఎత్తు, లోయల లోతు కొలుస్తారు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రంవారు వాటితో దేశపు ఎత్తుపల్లాల పటం తయారుచేశారు. జంట ఫొటోలనుంచి పటాలు గీసేవారు కంప్యూటరు ముందు పెట్టుకొనే కళ్ళద్దాలలో ఒక రకం, 1987 ఆటపెట్టెల కళ్ళద్దాలలాగానే, ఎడమ కుడి కళ్ళను వంతులవారీగా మూసి తెరుస్తాయి.

ఇప్పుడు మీకు ఒక పని. ఈ ఆదివారం ఎరుపు నీలం కళ్ళజోడు చేసి, మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ, పక్కింటి పిల్లలకూ చతురస్రం చూపించండి. తరువాత ఒక్కొక్క కన్ను అరచేతితో మూసి క్యాలెండరు చదివించండి. కంటిమీద వేళ్ళతో నొక్కవద్దు, సందుల్లోంచి చూడనివ్వవద్దు. ఎవరైనా “నాకు లేవలేదు” అంటే నవ్వకండి. ఒక కన్ను బాగా చదివి రెండోది చదవలేకపోతే, ఆ సంగతి ఆరోజే వాళ్ళ అమ్మకో నాన్నకో చెప్పండి. డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం పెద్దవాళ్ళ పని, చెప్పడం మీ పని.